క్యాన్సిల్ చేసేదెవరు, అయ్యేదెవరు, లెక్కలోకే రానిదెవరు

1930ల్లో ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక పాత బావిని తవ్వుతుంటే పురావస్తు పరిశోధకులకు మట్టి పాత్రల ముక్కలు గుట్టగా దొరికాయి. మొత్తం 190. అన్నింటి మీదా ఒకటే పేరు గీకి ఉంది: థెమిస్టొక్లీస్. ఆయన రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్స్‌లో పెద్ద నాయకుడు, శత్రువులకు కొదవ లేదు కాబట్టి పేరు చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. చేతిరాతలు పోల్చి చూసినప్పుడే అసలు సంగతి బయటపడింది. 190 ముక్కల మీదా రాసింది 14 మందే. ఎవరో పనిగట్టుకుని కూర్చుని ముందే రాసిపెట్టి, ఓటేయడానికి వచ్చేవాళ్లకు పంచాలనుకున్నారన్నమాట. ఫేక్ అకౌంట్లు, రెడీమేడ్ హ్యాష్‌ట్యాగులు ఈ కాలపు జబ్బు అని ఎవరైనా నిట్టూరిస్తే నేను ఈ బావి కథ చెబుతుంటాను.

ఆ ముక్కల్ని గ్రీకులు ఆస్ట్రకా అనేవారు. ఏడాదికోసారి పౌరుల సభలో ఒక ప్రశ్న వేసేవారు: ఈ ఏడు ఎవరినైనా వెలివేద్దామా? వేద్దామంటే ఇంకో రోజు అందరూ వచ్చి, పంపించేయాలనుకున్నవాడి పేరు కుండపెంకు మీద గీకి ఇచ్చేవారు. కనీసం 6,000 పెంకులు పడాలి. ఎక్కువ ముక్కల మీద ఎవరి పేరుంటే వాళ్లు పది రోజుల్లో నగరం విడిచి, పదేళ్లు బయట ఉండాలి. నేరమేంటో చెప్పరు. విచారణ ఉండదు. సంజాయిషీ ఇచ్చుకునే వీలూ లేదు. అరిస్టైడిస్ అనే నాయకుడి గురించి జీవితచరిత్రలు రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథ ఒకటుంది. చదువురాని ఓటరొకడు ఆయనెవరో తెలియక, పెంకు ఆయన చేతికే ఇచ్చి, దీని మీద అరిస్టైడిస్ అని రాసిపెట్టమన్నాడట. ఆయన నీకేం అపకారం చేశాడని అడిగితే, ఏమీ లేదు, ఎక్కడికి వెళ్లినా ఆయన్ని న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే విని విని విసుగొచ్చిందన్నాడట. అరిస్టైడిస్ మారుమాట్లాడకుండా తన పేరు రాసిచ్చాడు. ప్లూటార్క్ ఇది రాసింది ఆ తరవాత ఐదారు వందల ఏళ్లకు, కాబట్టి జరిగిందో లేదో ఎవరు చూశారు? అయినా ఆ ఓటరును మనం ఈ మధ్యే ఎక్కడో కామెంట్లలో చూసినట్టు అనిపించడం లేదూ?

ఈ మొరటు పద్ధతిలోనూ కొన్ని హద్దులున్నాయి. వెలిపడ్డవాడి ఆస్తి పోదు, పౌరసత్వం పోదు. పదేళ్లయ్యాక తిరిగొచ్చి మళ్లీ అదే సభలో కూర్చోవచ్చు. క్రీ.పూ. 482లో పంపించేసిన అరిస్టైడిస్‌ను, రెండేళ్లకే పర్షియా సైన్యం దండెత్తి వస్తుంటే, వాళ్లే వెనక్కి పిలిచారు. ఇప్పుడు మనం క్యాన్సిల్ అంటున్నదానికి, అంటే జనం ఆన్‌లైన్‌లో మూకుమ్మడిగా ఒకరిని వెలివేయడానికి, కనీసం ఇంతమంది ఉండాలన్న కోరమూ లేదు, గడువూ లేదు, వెనక్కి పిలవడానికి ఒక సభా లేదు.

ఆ మాటకొస్తే క్యాన్సిల్ అన్న మాట మీదే సగం గొడవ. ఈ అర్థంలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది అమెరికాలోని నల్లజాతి యువత, 2010ల మధ్యలో, ట్విట్టర్‌లో. సగం వేళాకోళం, సగం నిజం. నచ్చని పత్రికకు చందా ఆపేసినట్టు, నచ్చని గాయకుడికో నటుడికో ఇక నా అభిమానం కట్ అని చెప్పడం, అంతే. 2019లో ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ నిఘంటువు ‘క్యాన్సిల్ కల్చర్’ను ఆ ఏటి మాటగా ఎంచుకునే నాటికి అర్థం తిరగబడింది. చేతిలో ఏమీ లేనివాళ్లు చమత్కారంగా పుట్టించిన మాట, చేతిలో అన్నీ ఉన్నవాళ్లు మొరపెట్టుకునే మాట అయి కూర్చుంది.

ఇవాళ ఎవరైనా నన్ను క్యాన్సిల్ చేశారు అంటే దాని వెనక ఏం జరిగి ఉండొచ్చో చూడండి. కామెంట్లలో నాలుగు వందల మంది తిట్టి ఉండొచ్చు. ఇక ఆయన పుస్తకాలు కొనం అని కొందరు నిర్ణయించుకుని ఉండొచ్చు. ఉద్యోగం ఊడి ఉండొచ్చు. ప్రభుత్వం నిషేధించి, కేసు పెట్టి ఉండొచ్చు. సల్మాన్ రష్దీ విషయంలోలాగా 1989లో చంపేయమని ఫత్వా వస్తే, 33 ఏళ్ల తరవాత 2022లో వేదిక మీదే ఒకడు కత్తితో పొడిచి ఒక కంటి చూపు పోగొట్టి ఉండొచ్చు. వీటన్నింటినీ ఒకే సంచిలో వేసి ముడి వేశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు. మొదటి రెండూ భావ ప్రకటనే. రాసినవాడికి రాసే హక్కు ఎంతుందో, చదివి ఛీ అన్నవాడికి ఛీ అనే హక్కూ అంతే ఉంది. అక్కడ ఎవరి స్వేచ్ఛా పోలేదు, ఒకరి మనసు నొచ్చుకుంది, అంతే. మూడో దగ్గరే చిక్కు మొదలవుతుంది.

చట్టం దగ్గరికి వెళితే అది పెద్దగా సాయపడదు. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన మొదటి సవరణ చట్టసభ చేతులు కడుతుంది. అంటే ప్రభుత్వం మీ నోరు మూయకూడదని దాని అర్థం. మీ కంపెనీ యజమాని, మీ ప్రచురణకర్త, మీరు రోజంతా గడిపే యాప్ దాని కిందికి రారు. కాబట్టి ‘ఇది సెన్సార్‌షిప్ కాదు, ప్రభుత్వం చేస్తేనే సెన్సార్‌షిప్’ అని వాదించేవాళ్లు చట్టం ప్రకారం కరెక్టే. కానీ 1859లోనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ఇంకో భయం చెప్పాడు. సమాజం తనంతట తాను పెట్టే పీడన కొన్నిసార్లు సర్కారు పీడన కన్నా గట్టిది, ఎందుకంటే అది బతుకులోని ప్రతి సందులోకీ దూరుతుంది, తప్పించుకునే దారి తక్కువ అని. జైలు లేకుండానే మనిషి నోరు కట్టుకుని బతకొచ్చన్నమాట. ఈ రెండు మాటలూ నిజమే. వాదనలో ఒక్కొక్కరూ ఒక్కో దాన్ని పట్టుకుని రెండోది విననట్టు నటిస్తారు.

మిల్ భయపడిన ఆ సమాజపు బలమే కొందరికి దిక్కైన సందర్భాలూ ఉన్నాయి. బాయ్‌కాట్ అన్న మాట ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు. 1880లో ఐర్లాండ్‌లోని మేయో ప్రాంతంలో కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఒక భూస్వామి తరఫున కౌలు వసూలు చేసే ఏజెంటు. కౌలు తగ్గించమన్న రైతుల్ని ఖాళీ చేయించబోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే చార్లెస్ పార్నెల్ అనే నాయకుడు ఒక సభలో జనానికి ఉపాయం చెప్పాడు: ఇలాంటివాడి మీద చెయ్యి చేసుకోవద్దు, దారిలో ఎదురైనా అంగట్లో కనిపించినా చర్చిలో కనిపించినా పలకరించొద్దు. వాళ్లు అదే చేశారు. పనివాళ్లు వెళ్లిపోయారు, దుకాణదారులు సరుకులివ్వడం మానేశారు. పంట పొలంలోనే ఉండిపోయింది. చివరికి ఉత్తరాది నుంచి 50 మంది వచ్చి పంట కోశారు, వాళ్లకు కాపలాగా దాదాపు వెయ్యి మంది సైనికులు, పోలీసులు. సుమారు 500 పౌండ్ల పంట కోయించడానికి దాదాపు 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో లెక్క కట్టారు. ఏడాది తిరక్కుండానే ఆయన పేరు భాషలో క్రియాపదమైపోయింది.

ఆ రైతులకు కోర్టుకెక్కే స్తోమత లేదు, పత్రికల్లో రాసే పలుకుబడి లేదు. వాళ్లకున్నదల్లా మొహం తిప్పుకోవడమే. అందుకే క్యాన్సిల్ అనగానే అదేదో అనాగరికం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేను. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివాళ్లు మొదలుపెట్టి 381 రోజులు సాగించిన బస్సు బహిష్కరణ కూడా ఈ కోవలోదే. ఒక రకంగా వాళ్లు ఒక బస్సు కంపెనీని క్యాన్సిల్ చేశారు.

అక్కడే ఇంకో కథ ఉంది. తెల్లవాళ్ల కోసం బస్సులో సీటు ఖాళీ చేయనన్న నల్లజాతి మహిళ అనగానే మనకు రోజా పార్క్స్ గుర్తొస్తారు. ఆమె కన్నా తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, అదే నగరంలో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల స్కూలు పిల్ల సరిగ్గా అదే పని చేసింది. పోలీసులు ఆమెను బస్సులోంచి ఈడ్చుకెళ్లారు. ఉద్యమ నాయకులు ఆమె కేసు చూశారు, ఆలోచించారు, పక్కన పెట్టారు. చిన్నపిల్ల, పేదింటి పిల్ల, మేని ఛాయ మరీ నలుపు, తరవాత గర్భం కూడా వచ్చింది. పత్రికల వాళ్ల ముందు నిలబెడితే లోకం ఒప్పుకోదని లెక్కేశారు. ఆ లెక్క వ్యూహంగా తప్పని అనలేను. బస్సుల్లో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని కొట్టేసిన 1956 నాటి కోర్టు కేసులో వాదుల్లో ఒకరు ఆ అమ్మాయే అయినా, ఆమె పేరు లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. నోరు లేనివాళ్ల ఉద్యమంలో కూడా ఎవరి నోరు ముందుకు రావాలో ఎవరో ఒకరు ఎంచుతారు. అరవై ఏళ్ల తరవాత కూడా అదే తంతు. తరానా బర్క్ అనే నల్లజాతి కార్యకర్త 2006 నుంచి ‘మీ టూ’ అంటూ పనిచేస్తూ వచ్చారు. లోకం చెవిన పడింది 2017 అక్టోబరులో, ఒక సినీనటి ట్వీట్ చేశాక.

ఇక నాణేనికి రెండో వైపు. 2020 జూన్‌లో శాన్ డియేగోలో ఒక కరెంటు కంపెనీ కార్మికుడు పని ముగించుకుని కంపెనీ ట్రక్కులో ఇంటికి వెళుతున్నాడు. ఎండ, కిటికీ తీసి ఉంది, చెయ్యి బయటకు వేలాడేశాడు, మెటికలు విరుచుకుంటున్నాడు. పక్కన వస్తున్నవాడొకడు ఫొటో తీశాడు. ఆ క్షణంలో బొటనవేలూ చూపుడువేలూ కలిసినట్టున్నాయి, అది తెల్లజాతి దురహంకారుల గుర్తు అని పోస్టు పెట్టి కంపెనీని ట్యాగ్ చేశాడు. ఆ గుర్తుకు అలాంటి అర్థం ఉందని కూడా ఈ కార్మికుడికి తెలియదట. ఆయన తెల్లవాడు కూడా కాదు, మెక్సికో మూలాలున్న కుటుంబం. కొద్ది రోజుల్లో ఉద్యోగం పోయింది. ఫొటో పెట్టిన మనిషి తరవాత తన అకౌంటే తీసేశాడు.

దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. కమెడియన్ లూయిస్ సీకే మీద పలువురు మహిళలు చేసిన ఆరోపణలు నిజమేనని 2017 నవంబరులో ఆయనే ఒప్పుకున్నాడు. సినిమా విడుదల ఆగింది, షోలు పోయాయి. 2022లో ఆయనకు ఉత్తమ కామెడీ ఆల్బమ్ విభాగంలో గ్రామీ అవార్డు వచ్చింది. పేరు, సొంత వెబ్‌సైటు, టికెట్టు కొని వచ్చే జనం ఉన్నవాడికి తిరిగొచ్చే దారి ఉంది. చెయ్యి కిటికీలోంచి వేలాడేసినవాడికి లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటామే, అచ్చం అదే. ఏనుగు మీద వేస్తే దానికి గీరుకుపోయినట్టు ఉంటుంది.

నేను గమనించినంతలో ఈ చర్చలో అందరూ మర్చిపోయే పాత్ర ఒకటుంది. జనం ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేరు. తీసేది హెచ్‌ఆర్. అమెరికాలో ఒక్క మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో, ఒప్పందమో యూనియనో అడ్డం లేకపోతే, కారణం చెప్పకుండా ఉద్యోగిని పంపించేయొచ్చు. పోస్టు వైరల్ అవుతుంది, కంపెనీకి టెన్షన్ మొదలవుతుంది, వారం తిరగకుండా ఒక మనిషి జీతం ఆపేసి ‘మా విలువలు ఇవి’ అని ప్రకటన ఇస్తే తుపాను తగ్గుతుంది. కోపం జనానిదే కానీ వేటు వేసే అధికారం కంపెనీది. ఉద్యోగికి విచారణ, అప్పీలు ఉన్న చోట అదే తుపాను వచ్చినా మనిషి కొట్టుకుపోడు. మాట్లాడే స్వేచ్ఛ గురించి దిగులుపడేవాళ్లు ఉద్యోగ భద్రత గురించి ఎందుకు మాట్లాడరో నాకెప్పుడూ అర్థం కాదు.

ఇక తుపాను ఎలా పుడుతుందంటే, 2013 డిసెంబరులో లండన్ నుంచి కేప్‌టౌన్ వెళ్లే విమానం ఎక్కబోతూ ఒక పీఆర్ ఉద్యోగిని, ఎయిడ్స్ మీద, తన తెల్లతోలు మీద ఒక దిక్కుమాలిన జోకు ట్వీట్ చేసి ఫోన్ ఆపేసింది. ఆమె ఫాలోవర్లు 170 మంది. పదకొండు గంటల ప్రయాణం. ఆమె గాల్లో నిద్రపోతుండగా కింద లోకమంతా ఆమె దిగిందా లేదా అని హ్యాష్‌ట్యాగ్ పెట్టుకుని ఎదురుచూసింది. విమానం దిగి ఫోన్ ఆన్ చేసేసరికి ఆమె పేరు ట్విట్టర్‌లో ట్రెండింగ్. ఉద్యోగం కూడా పోయింది. జోకు చెత్తదే, నేనేమీ వెనకేసుకురావడం లేదు. కానీ 170 మంది ముందు అన్న మాటకు, కోట్ల మంది ముందు అన్నట్టు శిక్ష పడింది. ఆ కోట్ల మంది దగ్గరికి దాన్ని మోసుకెళ్లింది ఆమె కాదు.

మోసుకెళ్లే యంత్రానికి కొన్ని అలవాట్లున్నాయి. 2017లో ఐదు లక్షలకు పైగా ట్వీట్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో, నీతినీ ఆవేశాన్నీ కలిపిన మాట (సిగ్గుచేటు, దుర్మార్గం లాంటివి) ఒక్కొక్కటి చేరేకొద్దీ ఆ ట్వీటు పంచుకోవడం సుమారు 20 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. 2019లో ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ లెక్క ఇంకొకటి: అమెరికాలోని వయోజనుల ట్వీట్లలో 80 శాతం రాసేది అక్కడి వాడుకరుల్లో 10 శాతం మందే. అందరూ ఇదే అంటున్నారు అని మనకు అనిపించినప్పుడు, ఆ అందరూ ఎంతమందో ఒకసారి చేతిరాత పోల్చి చూడాలి. బావిలో దొరికినవి 190 ముక్కలు, రాసింది 14 మంది.

2020 జులైలో ఈ గొడవ రెండు ఉత్తరాల రూపంలో బయటపడింది. రష్దీ, నోమ్ చామ్‌స్కీ, మార్గరెట్ ఆట్‌వుడ్, జె.కె. రౌలింగ్ సహా 150 మందికి పైగా రచయితలు, మేధావులు అమెరికాలోని హార్పర్స్ పత్రికలో బహిరంగ లేఖ రాశారు. భిన్నాభిప్రాయాన్ని సహించని వాతావరణం పెరుగుతోందని వాళ్ల ఆవేదన. మూడు రోజుల్లో ఇంకో గుంపు జవాబు రాసింది: మీరు పెద్ద పెద్ద పత్రికల్లో రాసేవాళ్లు, మీ గొంతు ఎక్కడ నొక్కారు, అసలు ఆ పత్రికల గడప తొక్కనివ్వని నల్లజాతి, ట్రాన్స్ రచయితల మాటేమిటి అని. గట్టి ప్రశ్నే. అయితే ఆ రెండో లేఖ చివర సంతకాలు చూడాలి. చాలామంది పేరు రాయలేదు. పనిచేసే సంస్థ పేరు మాత్రమే రాసి, పేరు చెబితే కెరీర్ దెబ్బతింటుందని భయమన్నారు. నోళ్లు మూయిస్తున్నారన్న భయం అతిశయోక్తి అని చెప్పబోయిన కాగితం మీదే ఆ భయం ఖాళీ సంతకాల రూపంలో కనిపించింది. దీన్ని చూసి ఎగతాళి చేసినవాళ్లున్నారు. నాకు మాత్రం రెండు వైపుల మాటా ఒకే చోట రుజువైనట్టు అనిపించింది. భయం నిజమే, కానీ పేరు రాసే ధైర్యం చేయగలిగింది పేరున్నవాళ్లే.

అసలు నోరు మూతపడటం ఎలా ఉంటుందో చూడాలంటే జెల్డా పెర్కిన్స్ కథ చూడాలి. 1998లో ఆమె లండన్‌లో సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ దగ్గర సహాయకురాలు. తన సహోద్యోగిని మీద అతను అత్యాచారయత్నం చేశాడని తెలిసి, ఇద్దరూ ఉద్యోగం మానేసి లాయర్ల దగ్గరికి వెళ్లారు. పోలీసు కేసుగా మారాల్సింది చివరికి ఒప్పందంగా మారింది. ఇద్దరికీ కలిపి రెండున్నర లక్షల పౌండ్లు, బదులుగా మౌనం. ఆ కాగితం ప్రకారం ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు, స్నేహితులకు చెప్పకూడదు. డాక్టరుకు చెప్పాలన్నా ముందు ఆ డాక్టరూ గోప్యత పత్రం మీద సంతకం పెట్టాలి. ఇంకా విచిత్రం, తను సంతకం పెట్టిన ఆ ఒప్పందం కాపీ ఆమె దగ్గర ఉంచుకోనివ్వలేదు. తను ఏమేం మాట్లాడకూడదో రాసి ఉన్న కాగితం తన దగ్గరే లేకుండా, పందొమ్మిదేళ్లు నోరు మూసుకుని ఉంది. 2017 అక్టోబరులో ఆ ఒప్పందాన్ని బాహాటంగా ఉల్లంఘించి మాట్లాడింది.

ఈ పందొమ్మిదేళ్లలో ఆమెను ఎవరైనా క్యాన్సిల్ చేశారా? లేదు. హ్యాష్‌ట్యాగ్ లేదు, బహిరంగ లేఖ లేదు, టీవీ చర్చ లేదు. మౌనం సరిగ్గా పనిచేసినప్పుడు బయటివాళ్లకు దాని చప్పుడు కూడా వినిపించదు. మాల్టా జర్నలిస్టు డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబరు 16న కారుబాంబుతో చంపేసినప్పుడు ఆమె మీద 40కి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి. బాంబు వార్త అయింది. దావాలు ఆమె బతికుండగా ఎన్నడూ అంత పెద్ద వార్త కాలేదు. నోళ్లు మూయించడానికి వేసే ఇలాంటి దావాలను అడ్డుకునే చట్టం యూరోపియన్ యూనియన్ చేసింది 2024లో. ఇక్కడే నాకు ఈ మొత్తం చర్చ మీద అనుమానం. నన్ను మాట్లాడనివ్వడం లేదని పది టీవీ ఛానెళ్లలో చెప్పుకోగలిగినవాడి గురించే మనం గంటలకొద్దీ వాదించుకుంటున్నాం. కొలవాల్సింది ఎవరి మైకు లాక్కున్నారని మాత్రమే కాదు, మైకు దాకా రాకుండానే ఎవరు వెనుదిరిగారో కూడా.

ఇది ఫలానా పార్టీ జబ్బు అనేవాళ్లకు ఒక్క మాట చాలు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధానికి ముందు డిక్సీ చిక్స్ అనే అమెరికన్ సంగీత బృందం గాయని, అధ్యక్షుడు బుష్‌ది తమ రాష్ట్రమే అయినందుకు సిగ్గుగా ఉందని లండన్ వేదిక మీద అంది. అమెరికాలో రేడియో స్టేషన్లు వాళ్ల పాటలు ఆపేశాయి, జనం సీడీలు తెచ్చి కుప్పపోసి తొక్కించారు. అప్పుడు ఆ పని చేసినవాళ్లు దేశభక్తులమని చెప్పుకున్నారు, క్యాన్సిల్ అన్న మాట ఇంకా రాలేదు.

2021లో ప్యూ సంస్థ అమెరికన్లను అడిగింది: సోషల్ మీడియాలో ఎవరినైనా నిలదీస్తే అది జవాబుదారీతనమా, తప్పు చేయనివాళ్లను శిక్షించడమా? 58 శాతం మొదటిదన్నారు, 38 శాతం రెండోదన్నారు. నన్నడిగితే ప్రశ్న దగ్గరే తేడా ఉందంటాను. నిలదీసేదెవరు, ఎవరిని, ఆ మనిషికి ఏం పోతుంది, పొరపాటని తేలితే ఏది వెనక్కి వస్తుంది, ఇవి తెలియకుండా ఏ శాతంలో చేరాలి?

వెనక్కి రావడం సంగతి నాకు అనుభవమే. ఒకసారి ఇరవై సెకన్ల వీడియో చూశాను. నడివయసు మహిళ ఒకామె రోడ్డు మీద ఒక డెలివరీ కుర్రాడిని నోటికొచ్చినట్టు తిడుతోంది. నాకు ఒళ్లు మండి, ‘ఇలాంటివాళ్లకు సిగ్గుండాలి’ అని రెండు లైన్లు రాసి షేర్ చేశాను. మూడో రోజు పూర్తి వీడియో బయటికొచ్చింది. అంతకు ఒక నిమిషం ముందు ఆ బండి వెళ్లి ఫుట్‌పాత్ మీద ఉన్న ఆమె తండ్రిని గుద్దింది, పెద్దాయన కింద పడి లేవలేకపోతున్నాడు. పోస్టు తీసేశాను. తప్పు నాదేనని, పూర్తిగా తెలుసుకోకుండా రాశానని ఇంకో పోస్టు పెట్టాను. మొదటిదాన్ని అప్పటికే నాలుగు వందల మంది పంచుకున్నారు. రెండోదానికి మూడు లైకులు వచ్చాయి. అందులో ఒకటి నాదే.